వాటాలు వేసిన మాత్రలు

1951 ఫిబ్రవరి 14, బుధవారం. ఓడలరేవు దాటిన తరువాత ఇసుకతిప్ప మీద ఉన్న చేపలవాళ్ళ పల్లె. ఉన్నవారు: మిషన్ ఆసుపత్రి తరఫున డాక్టర్ సుగుణమ్మ గారు, ఉపదేశి ఆశీర్వాదం గారు, వంట అప్పన్న, కంపౌండరుగా నేను. పల్లె తరఫున ఊరిపెద్ద సత్తెయ్య, వీరమ్మ, ఆమె కోడలు మంగ. మంగకు నిమ్ము జ్వరం.

ఆనాటి డైరీ ఇలా మొదలవుతుంది. ఏ రోజు రాసినా ముందు తేదీ, తరువాత చోటు, ఆ తరువాత ఎవరెవరున్నారో రాసుకునేవాణ్ణి. మందులగదిలో చీటీ అంటించకుండా సీసాను పక్కన పెట్టలేని మనిషి ఇంట్లో కూడా అలాగే ఉంటాడు. ఇప్పుడు మా వీధిలో ఇద్దరు పిల్లలు మందుల చదువు పూర్తిచేసి ఉద్యోగాల్లో చేరుతున్నారు. మీ రోజుల్లో పని ఎలా ఉండేదండీ అని అడిగారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎంత సర్వీసు అయింది అన్నవి వాళ్ళకు పనికిరావు కనుక వదిలేస్తున్నాను.

కంపౌండరు పని

అమలాపురం వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో నేను పనిచేశాను. అప్పట్లో మందు అంటే చాలావరకు నీళ్ళమందు. సీసా రోగే తెచ్చుకోవాలి. సారా సీసా, కిరసనాయిలు సీసా, ఆముదం సీసా, ఏది దొరికితే అది తెచ్చేవారు. దాన్ని వేడినీళ్ళతో కడిగి, మందు పోసి, కాగితం పట్టీకి కత్తెరతో గాట్లు పెట్టి పక్కన అంటించేవాళ్ళం. ఒక గాటు దిగితే ఒక పూట మందు తాగినట్టు. చదువు రానివాళ్ళకు కూడా ఇది తెలిసేది.

నాకు పని నేర్పింది పాపయ్య గారు. ఆయన నోరు మంచిది కాదు. మందు కలపడంలో చేయి వణికితే చెవి పట్టుకుని మెలితిప్పేవారు. కానీ ఒక్క పని మాత్రం ఆయనలా చేసినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. మందు చేతికిచ్చాక రోగిని వెంటనే పంపించేవారు కాదు. "ఇంటికెళ్ళి దీన్నేం చేస్తావో చెప్పు" అనేవారు. ఒక రైతు "దేవుడి గూట్లో పెడతానండి" అన్నాడు. ఇంకొకావిడ, తనకు చేదు పడదు కనుక మొగుడి చేత తాగిస్తానంది. పాపయ్య గారు నవ్వేవారు కాదు. మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు.

మందు మన బల్ల మీద ఉన్నంతసేపు అది మన చెప్పుచేతల్లో ఉంటుంది. గుమ్మం దాటాక అది ఆ ఇంటి పద్ధతిలో నడుస్తుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ముందు తెలుసుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం. పుస్తకాల్లో ఇది ఉండదు.

తిప్ప మీదికి ప్రయాణం

ఏటా కోతలయ్యాక మా ఆసుపత్రి నుంచి ఒక జట్టు సముద్రపు ఒడ్డు పల్లెలకు వెళ్ళేది. మందులు, పాతబట్టలు, సాయంత్రం ప్రార్థన కూటం. కాలువలో కొంతదూరం మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఆ తరువాత ఏటిపాయ. అక్కడ తెరచాప ఎత్తేవారు. దిగాక సరుగుడు తోటల మధ్య ఇసుకలో నడక.

మాకు డేరా వేసిన చోట సణుగుడు మొదటి రోజే మొదలైంది. అప్పన్నకు అక్కడ సరైన పుల్లలు లేవని కోపం. తాటిమట్టల మంట మీద అన్నం ఒక పక్క మాడి ఒక పక్క ఉడకదని అందరికీ వినబడేలా అనేవాడు. ఆశీర్వాదం గారి మడతమంచం గుడ్డ చిరిగింది. ఆయన దాని గురించి ప్రార్థనలో కూడా ఒక మాట కలిపారు. నా బాధ కాఫీ. అక్కడి చెలమ నీళ్ళు తాగడానికి బాగానే ఉండేవి గాని కాఫీ పెడితే ఉప్పదనం తేలేది. ఆ సంగతి డైరీలో రోజూ రాశాను. ఇప్పుడు చదువుకుంటే నాకే నవ్వొస్తుంది. డాక్టరమ్మ గారు మాత్రం ఏమీ అనలేదు. ఆవిడకు తిండి మీద, పడక మీద ధ్యాస లేదు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

పల్లెవాళ్ళవి తాటాకు గుడిసెలు. లోపల ఒక చాప, రెండు కుండలు, దండెం మీద నాలుగు గుడ్డలు. మేము పాతబట్టల మూట విప్పితే ఎవరూ ముందుకు రాలేదు. మీకేం కావాలో చెప్పండని ఆశీర్వాదం గారు అడిగితే, అన్నీ ఉన్నాయండీ, తమరికే ఇబ్బందిగా ఉన్నట్టుంది, ఎండుచేపలు పంపమంటారా అని అడిగారు. ఆయనకు కళ్ళు చెమర్చాయి. వచ్చే ఆదివారం తృప్తి మీద ప్రసంగం చేస్తానని నాతో అన్నారు. పక్కనే పిల్లల కళ్ళు చూస్తున్న డాక్టరమ్మ గారు తలెత్తకుండానే, అన్నీ ఉంటే ఈ పిల్లలకి రేచీకటి ఎందుకుందో అది కూడా ప్రసంగంలో చెప్పండి అన్నారు.

ఇద్దరి మాటల్లోనూ నిజముందని అప్పుడే అనిపించింది. ఆ రెండు నిజాలు ఎక్కడ కలుస్తాయో రెండు రోజుల తరువాత తెలిసింది.

సముద్రం వైపు తిరిగిన మనిషి

ఆ పల్లెలో వల అందరిదీ. నావ వెళ్ళి వలను సముద్రంలో అర్ధచంద్రంలా దింపి వస్తుంది. ఒడ్డున రెండు వైపులా జనం నిలబడి తాళ్ళు లాగుతారు. ఆడవాళ్ళు కూడా లాగుతారు. చేప ఒడ్డుకు వచ్చాక ఇసుక మీద కుప్పలు వేస్తారు. లాగినవాళ్ళకు, మంచాన పడి లాగలేకపోయినవాళ్ళకు, మగదిక్కు లేని గుమ్మాలకు అన్నింటికీ కుప్పలుంటాయి. వలకొక వాటా, నావకొక వాటా వేరే.

కుప్పలు ఎంత సమానంగా వేసినా ఒకదాంట్లో పెద్ద చేప, ఒకదాంట్లో చిన్న చేప తప్పదు. అందుకని ఊరిపెద్ద సత్తెయ్య కుప్పలకు వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడతాడు. వెనకనుంచి వీరమ్మ ఒక కుప్ప ముట్టుకుని "ఇదెవరిది?" అంటుంది. ఆయన చూడకుండా ఒక పేరు చెబుతాడు. పేరు పడ్డవాళ్ళు తీసుకుని వెళ్ళిపోతారు. పక్కవాడి కుప్పలోకి ఎవరూ తొంగిచూడరు. ఒకసారి పడ్డ వాటా పడ్డట్టే. దాన్ని ఎవరూ మార్చుకోరు, తిరిగి అడగరు. తిరిగి అడిగితే నావకు కీడని వాళ్ళ నమ్మకం. వల నుంచి వచ్చినదే కాదు, నీటి మీదుగా పల్లెకు ఏది చేరినా ఇదే లెక్క. మేము ఇచ్చిన పాతబట్టలు కూడా చివరికి అలాగే వాటాలు పడ్డాయి. దొరల దేశపు ఉన్నికోటు ఒకటి ఒక ముసలమ్మ పేరున పడితే, ఆవిడ దాన్ని వేసుకుని చేపలు ఎండబెట్టుకుంటూ మాకు కనిపించింది.

మంగ

సోమవారం మేము దిగిన కాసేపటికే వీరమ్మ వచ్చి కోడలికి బాగాలేదని చెప్పింది. మంగకు ఇరవై ఏళ్ళుంటాయి. భర్త నరసింహులు నావ మీద పనిచేస్తాడు. డాక్టరమ్మ గారు వీపుకు గొట్టం పెట్టి విని, ఎడమ పక్క ఊపిరితిత్తికి నిమ్ము చేసిందన్నారు. పెన్సిలిన్ ఆసుపత్రిలోనే ఉంది. ఆ గాలిలో అంతదూరం పడవలో తీసుకెళ్తే దారిలోనే ప్రాణం మీదికి వస్తుంది. కనుక దాని బదులు మా పెట్టెలో ఉన్న సల్ఫా మాత్రలన్నీ పొట్లం కట్టి ఇచ్చాం. తగ్గినట్టనిపించినా ఆపకూడదని, అయిపోయేదాకా వేయాలని, నీళ్ళు బాగా పట్టించాలని డాక్టరమ్మ గారు చెప్పారు. ప్రతి మాటకీ వీరమ్మ "ఆయ్" అంది.

మంగళవారం మేము పాయ అవతల ఇంకో పల్లెకు వెళ్ళాం. బుధవారం ఉదయం తిరిగివచ్చేసరికి మంగ మాట్లాడలేకపోతోంది. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఒళ్ళు పెనంలా ఉంది.

"మాత్రలేవి?" అన్నారు డాక్టరమ్మ గారు.

"పంచేశామండీ" అంది వీరమ్మ.

"ఏం చేశారూ?"

"వాటాలేశామండి. నిన్న పొద్దున్నకి దీనికి కాస్త నెమ్మళించింది. నాకు చాలు అత్తా, మిగతాయి పంచెయ్యమంది. అన్ని గుమ్మాలకీ వచ్చేయండి. తమరుంటే తమక్కూడా ఏసేవోళ్ళం."

దాచిపెట్టింది ఏమీ లేదు. ఆవిడ ముఖంలో మంచిపని చేశామన్న నిదానం తప్ప ఇంకేమీ లేదు. ఆశీర్వాదం గారు గుమ్మంలో నిలబడి, తొలినాటి విశ్వాసులు కూడా ఇలాగే ఉన్నదంతా పంచుకునేవారండీ అన్నారు. డాక్టరమ్మ గారు ఆయన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. తరువాత వీరమ్మ మీద, నా మీద, ఇసుక మీద, ఆకాశం మీద అరిచారు. మా పెట్టెలో ఇంకో మాత్ర లేదు. పడవ వెళ్ళి మందు తెచ్చేసరికి మర్నాడు సాయంత్రం దాటిపోతుంది. అంతదాకా ఈ పిల్ల ఆగదని గొట్టం పెట్టి వినకుండానే తెలుస్తోంది.

గుమ్మం గుమ్మానికీ

వీరమ్మను వెంటబెట్టుకుని నేను ప్రతి గుమ్మానికీ వెళ్ళాను. మందు గుమ్మం దాటాక ఏమవుతుందో ఆ పూట చూసినంత నా సర్వీసు మొత్తంలో చూడలేదు. కొందరి కొంగుముడిలో ఉంది. ఒకరి ఇంట్లో చూరులో దోపి ఉంది. ఒకావిడ నూరి నుదుటికి పట్టువేసుకుంది. ఇంకొకరు ఎర్రదారంతో కట్టి పసివాడి మెడలో వేశారు. అడిగిన ప్రతివాళ్ళూ తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎందుకని గాని, మా పిల్లాడి జ్వరం సంగతేంటని గాని అడిగినవాళ్ళు లేరు. ఒక ముసలాయన మాత్రం సిగ్గుపడిపోయాడు.

"మింగేశానండి. మోకాలు నెప్పి కూడా పోయింది. ఇప్పుడెలాగండి మరి?"

ఫరవాలేదన్నాను. సల్ఫాకు మోకాలి నొప్పి పోదని చెప్పే సమయం కాదు.

పోయినవి పోగా పొట్లంలో చాలావరకు చేరాయి. ఈ పిల్లను మర్నాటిదాకా గట్టెక్కించడానికి సరిపోతాయని డాక్టరమ్మ గారు ఊపిరి పీల్చుకున్నారు. మాత్ర నలిపి, నీళ్ళలో కలిపి, మంగ తల ఎత్తి నోటి దగ్గర పెట్టారు.

మంగ పళ్ళు బిగించింది.

మేము మొదట అర్థం చేసుకోలేదు. మింగలేకపోతోందనుకున్నాం. ఆమె తల అడ్డంగా తిప్పి, ఊపిరి మధ్య ఊపిరి మధ్య చెప్పింది.

"పంచేసిన వాటా... ఎనక్కి తీసుకోకూడదండి. ఆయన రేపు... నావ మీదుంటాడు."

"నువ్వు పోతే ఆయన నావ మీదుండి ఏం చేస్తాడే?" అన్నారు డాక్టరమ్మ గారు.

"అలా అనకండమ్మా. నాకు చాలండి."

నరసింహులు గుమ్మం బయట కూర్చుని ఉన్నాడు. వేసుకోమని నువ్వు చెప్పు అంటే, చెప్పాడు. భార్య వినలేదు. అతను ఆమె కోసం అడుగుతున్నాడని, ఆమె అతని కోసం వద్దంటోందని అక్కడున్న అందరికీ తెలుసు. ఆశీర్వాదం గారు మోకరించి ప్రార్థన చేశారు. డాక్టరమ్మ గారు ముక్కు మూసి పోయించాలని చూశారు. సగం చాప మీద ఒలికింది. అలా పోయిస్తే ఉన్న మందు కూడా పోతుందని నేనే ఆపాను.

నావ వాటా

డాక్టరమ్మ గారు బయటికి వచ్చి బోర్లించిన నావ పక్కన ఇసుకలో కూర్చున్నారు. సత్తెయ్య అక్కడే ఉన్నాడు. అంతవరకు ఆయన్ను సత్తెయ్యా అని పిలిచిన ఆవిడ ఆ పూట గారు చేర్చారు.

"సత్తెయ్య గారూ, మీ పల్లెలో వాటాలు వేయనిదంటూ ఏదైనా ఉందా?"

ఆయన ఆలోచించి, "నావ వాటా పంచమండి" అన్నాడు. "అది నావదే. తారు పుయ్యాలన్నా, చెక్క మార్చాలన్నా దాంట్లోంచే తియ్యాల."

"అది చాలకపోతే?"

"చాలకపోతే ఎవరింట్లో ఉన్నది వాళ్ళు తెచ్చి నావ దగ్గర పెడతారండి."

"మరి అది తిరిగి ఇవ్వడం కాదా?"

"కాదండి. ఎవరికిచ్చేరనీ? నావ అందరిదీ కదండి."

ఆవిడ మంగ గుడిసె వైపు చూపించి, "ఆ పిల్ల ఎవరిదండీ?" అని అడిగారు.

సత్తెయ్య లేచి, తలగుడ్డ సరిచేసుకుని, పల్లెవాళ్ళను పిలిచాడు.

అందరూ మంగ గుమ్మం ముందుకు వచ్చారు. మాత్రలన్నీ చేటలో పోయించాడు. చాప మీదున్న మంగకు కనబడేలా ఆ చేటను గడప దగ్గర పెట్టించి, తను వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. వీరమ్మ చేట ముట్టుకుంది.

"ఇదెవరిది?"

"నావది."

ఆ తరువాత ఆయన లోపలికి వెళ్ళి మంగ తల దగ్గర కూర్చున్నాడు. ఆయన వరసకు ఆమెకు పెదమావగారు. మామూలుగా అంత దగ్గరగా కూర్చోడట.

"అమ్మాయ్, నువ్వూ ఈ నావలో చెక్కవే, నావ వాటా నీ దగ్గర పెడుతున్నాం. నావకి చెక్క ఊడితే నావనడిగి తారు పుయ్యం. నోరు తెరువు."

ఆమె ఆయన వైపు చూసి నోరు తెరిచింది.

ఇక్కడ కొంచెం ఆగి

ఆ తరువాత చాలా ఏళ్ళు ఆశీర్వాదం గారు ఆ పల్లె గురించి ప్రసంగాల్లో చెప్పారు. లేనివాళ్ళు ఎంత తృప్తిగా ఉన్నారో చూడండి అనేవారు. నేను వెనక వరసలో కూర్చుని వినేవాణ్ణి. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ లేనివాళ్ళ తృప్తిని ఉన్నవాళ్ళు మెచ్చుకోవడంలో ఒక సుఖముంది. మనమేమీ చేయక్కరలేదన్న సుఖం. మందు పనిలో ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదు. రోగి చాలు అన్నప్పుడు అది కడుపు నిండి అన్నదా, ఇంకొకరికి లేకుండా పోతుందని అన్నదా కనుక్కోవాలి. రెండోదైతే ఆ మనిషిని తిట్టకూడదు, అలాగని ఆ మాట ఒప్పుకోనూ కూడదు.

డాక్టరమ్మ గారి దగ్గర నేను నేర్చుకున్నది కూడా ఇదే. ఆవిడ కోపిష్ఠి. నన్ను అందరి ముందూ తిట్టిన రోజులున్నాయి. కానీ అరుపు పనిచేయదని తెలిసిన క్షణంలో ఆ అరుపును వదిలేసి ఇసుకలో కూర్చుని ప్రశ్న అడగగలిగారు. నేను చూసిన పై అధికారుల్లో ఆ పని చేతనైనవాళ్ళు తక్కువ.

నా సంగతి అడిగితే, ఆ తిప్ప నుంచి నేను తెచ్చుకున్నది ఆ వీపు పెట్టి నిలబడే పద్ధతి. ఆసుపత్రిలో నాకన్నా వెనక చేరినవాళ్ళు ముందుకు వెళ్ళినప్పుడు, కాలువకు అవతల పొలం కొన్నప్పుడు, ఆ కుప్పలోకి తొంగిచూడకుండా ఉండడానికి ప్రయత్నించాను. అన్నిసార్లూ కాలేదు. అయినన్నిసార్లు హాయిగా ఉన్నాను. నా పేరు మీద పడినది మందులగది. ఉదయం తలుపు తీయగానే వచ్చే ఆ ఘాటు వాసన, కడిగి బోర్లించిన సీసాల వరస, కిటికీ అవతల కొబ్బరిచెట్లు. ముప్ఫై ఏళ్ళు దాంట్లో గడిచాయి. మంచి వాటా పడిందనే అనుకుంటున్నాను.

మర్నాడు ఉదయం

ఆ రోజంతా డాక్టరమ్మ గారు మంగ దగ్గరనుంచి కదల్లేదు. పూటపూటకూ మాత్ర ఇచ్చారు. నీళ్ళు పట్టించడానికి పల్లెలోని ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. నేను మందు కోసం పడవను పంపించాను.

గురువారం తెల్లవారాక నావ వెళ్ళింది. నరసింహులు కూడా వెళ్ళాడు. వల ఒడ్డుకు వచ్చేసరికి మంగ మెడ మీద చెమట పట్టింది. జ్వరం పోలేదు గాని దిగింది. డాక్టరమ్మ గారు గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. నా వైపు చూసి తల ఊపారు.

వలలో కానాగంత చేపలు పడ్డాయి. వీరమ్మ తన వాటా తెచ్చి పులుసు పెట్టి, గంజిలో కలిపి, ఒక ముక్క వేసి కోడలికి పట్టుకొచ్చింది. మంగను గోడకు ఆనించి కూర్చోబెట్టాం. గిన్నె ఎవరినీ పట్టనివ్వలేదు. రెండు గుక్కలు తాగి, గిన్నెలోకి చూసింది.

"ఒక్క ముక్కే ఏసేవేంటి అత్తా? కుండలో ఇంకా ఉన్నాయి కదా."

వీరమ్మ పెట్టచ్చా అన్నట్టు డాక్టరమ్మ గారి వైపు చూసింది.

"పెట్టండి" అన్నారు డాక్టరమ్మ గారు. "అడుగుతోంది కదా, పెట్టండి."

వీరమ్మ లేచి వెళ్ళి కుండనే తెచ్చి కోడలి ముందు పెట్టింది.